1984 అక్టోబరు 31: "ఆ కబురు తెలిసేటప్పటికి ఎక్కడున్నారు?" అని పెద్దవాళ్లను అడిగి రికార్డు చేయడం ఎలా?

లంకవాసి:
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయం తరఫున అరవై అయిదు దాటిన పదకొండు మందితో మాట్లాడి రికార్డు చేయాలనుకుంటున్నాం. విషయం ఒక్కటే. ఇందిరాగాంధీ హత్య కబురు వాళ్లకు ఎక్కడ ఉండగా తెలిసింది, ఎలా తెలిసింది. చేతిలో ఉన్నవి రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక కాలరు మైకు, నాలుగు ఆదివారాలు. ప్రశ్నలు ఏ వరసలో అడగాలి? మనిషికి ఎంతసేపు? ఇద్దరు చెప్పేది పొసగకపోతే ఏం చేయాలి? అనుమతి కాగితం ఎలా ఉండాలి? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతపేపర్లు:
ప్రశ్నల కంటే ముందు మీ దగ్గర ఒక అట్టముక్క ఉండాలి, దాని మీద ఆ రోజు గంటల వారీగా. ఇది అడిగేవాళ్ల కోసం. చెప్పేవాళ్లకు చచ్చినా చూపించకండి.

బుధవారం. ఉదయం 9:20 ప్రాంతంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి ఆవరణలో కాల్పులు. మధ్యాహ్నం 2:20 ప్రాంతంలో ఎయిమ్స్‌లో మరణించినట్టు నిర్ధారణ. బీబీసీ ముందే చెప్పేసింది. ఆకాశవాణి అధికారికంగా చెప్పింది సాయంత్రం 6 గంటలకు. ఆరున్నర దాటాక రాజీవ్ ప్రమాణ స్వీకారం. ఆ తర్వాత దూరదర్శన్ వార్తలు. మర్నాటి పేపరు మీద తేదీ నవంబరు 1, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. అంత్యక్రియలు నవంబరు 3, శనివారం.

ఇది దగ్గరుంటే "పొద్దున పదింటికి ఆకాశవాణిలో చెప్పారు, చనిపోయారని" అనే మాట వినగానే మీకు తెలిసిపోతుంది, ఎక్కడో రెండు సంగతులు అతుక్కున్నాయని. పొద్దున కాల్పుల సంగతి ఎవరో నోటిమాటగా చెప్పి ఉండొచ్చు, సాయంత్రం రేడియోలో విని ఉండొచ్చు, నలభై ఏళ్లలో రెండూ ఒకటైపోతాయి. అబద్ధం కాదది, అతుకు.

తిథివారాలు కూడా రాసి పెట్టుకోండి. పల్లెల్లో పెద్దవాళ్లు ఇంగ్లీషు తేదీ కంటే వాటితోనే తేలిగ్గా పట్టుకుంటారు. అది రక్తాక్షి నామ సంవత్సరం. దీపావళి వెళ్లి సరిగ్గా వారం, కార్తీకం నడుస్తోంది. డెల్టాలో సార్వా (వానాకాలపు వరి) ఇంకా కోతకు రాలేదు. కాబట్టి "కుప్ప నూర్పిళ్లలో ఉన్నాం" అని ఎవరైనా అంటే అది వేరే రోజు, లేదా వేరే ఏడాది.

మర్ఫీసెట్టు:
సామాను సంగతి నేను చెప్తా.

కాలరు మైకు పిన్ను చూడండి. నల్ల గీతలు మూడుంటే ఫోనుకు పనికొస్తుంది. రెండే ఉంటే అది కెమెరా మైకు, ఫోను దాన్ని గుర్తించదు. అప్పుడు జరిగేదేమిటంటే, ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది, మీరేమో కాలరు మైకు పనిచేస్తోందనుకుంటారు. పరీక్ష చాలా తేలిక. రికార్డు పెట్టి కాలరు మైకును గోటితో గీకండి. వినిపించిందా, సరే. లేదంటే అడాప్టరు కొనండి. సీ-టైపు రంధ్రం మాత్రమే ఉన్న ఫోనైతే మార్చే తీగ కూడా కావాలి. అందులో చవకవి మాట వినిపించడానికే తప్ప మైకు తీసుకోవు, కొట్లోనే ఇదే గోటి పరీక్ష చేసి తీసుకోండి.

మైకు గడ్డానికి ఒక జాన కింద ఉండాలి. ఆడవాళ్లయితే పమిట మీద పెడితే బట్ట రాపిడి గరగరమంటుంది, పట్టు అయితే మరీను. జాకెట్టు మెడ అంచుకో, భుజం మీద మడతకో బిగించి, తీగను ఒక చుట్టు చుట్టి పిన్నీసుతో పట్టండి. మగవాళ్లకు కండువా తీసేయమనండి.

ఫైలు వేవ్ (WAV) రకంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకు 520 ఎంబీ దాకా పడుతుంది. 16 బిట్‌కు తగ్గిస్తే 350 లోపే, మాటకు అదీ చాలు. ఎంపీ3 వద్దు. పదకొండు మంది, తలా గంటన్నర అనుకుంటే 24 బిట్‌లో కూడా 9 జీబీ దాటదు, పీనాసితనం అక్కర్లేదు. శబ్దం గీత గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాకు తగిలితే చిట్లిన మాట మళ్లీ అతకదు.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా కట్టేయండి. మధ్యలో కాలు వస్తే చాలా యాప్‌లు రికార్డింగు ఆపేస్తాయి, కాలు అయ్యాక వాటంతటవి మొదలుపెట్టవు. రెండో ఫోనును మూడడుగుల దూరంలో తువ్వాలు మీద పెట్టి అదే సమయంలో నడపండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ బాంబు పేలినట్టుంటుంది.

ఫ్యాను ఆపాలి. ఎండాకాలం అయితే పెద్దవాళ్లకు కష్టం కాబట్టి ఉదయం తొమ్మిదిన్నరకే మొదలుపెట్టండి. ఫ్రిజ్జు ఆపితే మాత్రం కారు తాళాలో, చెప్పులో ఫ్రిజ్జు మీద పెట్టండి. అవి లేకుండా ఇంటికి వెళ్లలేరు, ఫ్రిజ్జు తిరిగి వెయ్యడం మర్చిపోరు.

నిదానం:
మర్ఫీసెట్టు గారి ఫ్రిజ్జు చిట్కా బంగారం.

ఇక జ్ఞాపకం సంగతి. 1977లో బ్రౌన్, కులిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి జ్ఞాపకాలకు "ఫ్లాష్‌బల్బ్ మెమరీస్" అని పేరు పెట్టారు. ఫ్లాష్ వెలిగినట్టు ఆ క్షణం ఫొటో పడిపోతుందని వాళ్ల భావన. అలాంటి జ్ఞాపకంలో ఆరు సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయన్నారు: ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు చెప్పారు, మీకేమనిపించింది, పక్కవాళ్లకేమైంది, ఆ వెంటనే ఏం జరిగింది. మీ ప్రశ్నలకు ఈ ఆరూ మంచి చట్రం.

అయితే ఫొటో అన్న మాట నిలబడలేదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. ఆ మర్నాడే నైసర్, హార్ష్ అనే ఇద్దరు ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత కబురు ఎలా తెలిసిందో రాయించి దాచారు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. ఏడు మార్కులకు సగటు 2.95. పదకొండు మందికి సున్నా. కానీ తమ మాట మీద నమ్మకం మాత్రం చాలామందికి దండిగానే ఉంది. తమ దస్తూరీలో ఉన్న కాగితం చేతికిచ్చినా పాత సంగతి గుర్తుకు రాలేదు.

తప్పు కూడా అడ్డదిడ్డంగా జరగదు, దానికో తీరుంది. తోటి విద్యార్థి నోట విన్నవాళ్లు "టీవీలో చూశాను" అని చెప్పడం ఎక్కువ. తర్వాత పదేపదే టీవీలో చూసింది మొదటి క్షణం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. మన విషయంలోనూ ఇదే జరుగుతుంది. నవంబరు 3 అంత్యక్రియలు టీవీలో చూసినవాళ్లు, ఒక్క సెట్టు ముందు వీధంతా కూర్చున్నవాళ్లు, అసలు కబురే టీవీలో తెలిసిందని చెప్తారు. ఇంకో అడుగు ముందుకేసి "కాల్చడం టీవీలో చూశాం" అనేవాళ్లూ తగులుతారు. ఆ దృశ్యం ఎవరూ తీయలేదు. ఇంటర్వ్యూ కోసం వచ్చిన బ్రిటిష్ నటుడు పీటర్ ఉస్తినోవ్ బృందం ఆవిడ కోసం ఎదురుచూస్తూ ఉంది, అంతే.

కాబట్టి మొదటి సూత్రం: "రేడియోలో విన్నారా?" అని అడగొద్దు. "ఆ సంగతి మీ దాకా ఎలా వచ్చింది?" అని అడగండి. మొదటి ప్రశ్నలో రేడియో మీరే పెడితే జవాబులో రేడియో ఉంటుంది.

సందేహాలరాయుడు:
ఇంతకీ మనం కోర్టు నడుపుతున్నామా, పెద్దాయన కబుర్లు వింటున్నామా? ఆయన టీవీలో చూశానంటే చూశాడనే రాసుకుంటే పోలా? నలభై ఏళ్ల తర్వాత ఆయన్ని తప్పుపట్టి సాధించేదేముంది?

నిదానం:
తప్పుపట్టమని ఎవరూ అనలేదు రాయుడు గారూ. ఎదురుగా ఉన్నంతసేపు ఒక్కసారి కూడా దిద్దకూడదు. దిద్దిన క్షణం నుంచి ఆయన మీకు నచ్చేది చెప్పడం మొదలుపెడతాడు. సరిచూడటం ఇంటికొచ్చాక చేసే పని.

తప్పుకు కూడా విలువుంది, అందుకే దాన్ని గుర్తించాలి. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో లుయిజి ట్రస్తుల్లి అనే కార్మికుడు 1949 మార్చిలో, నాటోలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. తర్వాత కార్మికులను అడిగితే చాలామంది ఆ చావును 1953కు జరిపి, మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేసిన గొడవల్లో పెట్టి చెప్పారు. తేదీ తప్పే. కానీ వాళ్లకు బతుకు తెగింది 1953లో. మనిషి చావుకు అక్కడైతే అర్థం ఉందనిపించింది. పేపరు చూడకపోతే ఆ తప్పు తెలియదు. తప్పు తెలియకపోతే ఈ సంగతీ తెలియదు.

పాతపేపర్లు:
మూడు గడుల కాగితం పెట్టుకుంటే సరిపోతుంది. చెప్పిన మాట ఉన్నదున్నట్టు. పక్కన రికార్డు ఏమంటోంది. మూడో గడిలో తేడాకు కారణం ఏమై ఉండొచ్చో. మొదటి గడిని ఎప్పటికీ దిద్దొద్దు.

అచ్చుతప్పు:
రికార్డు విని రాసేవాళ్లకు ఒక మాట. ఇది తెలుగులో ఉన్న వరం, దీన్ని పాడుచేసుకుంటున్నాం.

పెద్దవాళ్లు చెప్పేటప్పుడు క్రియ చివర చూడండి. "కరణం గారు వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, రేడియో పెట్టారంట, ఢిల్లీలో కాల్చేశారంట." కూర్చున్నారు వరకు కళ్లారా చూసింది. పెట్టారంట దగ్గర్నుంచి విన్నది. కర్త మారలేదు, గొంతు మారలేదు, చివర ఒక్క "అంట" వచ్చింది. చూసినదానికీ విన్నదానికీ మధ్య గీత అక్కడే పడింది. మాట్లాడే మనిషికి కూడా ఆ గీత గీసినట్టు తెలియదు.

రాసేవాళ్లు దీన్ని "శుభ్రం" చేసి "పెట్టారు, కాల్చేశారు" అని రాస్తారు. ఫోన్లో మాట విని టైపు చేసే సదుపాయాలు కూడా ఈ "ట"నే మింగుతాయి. కాబట్టి యంత్రం రాసిన ప్రతిని చెవితో ఒకసారి పోల్చాల్సిందే. "ట", "అంట", "అనుకుంటా", "ఏమో", "మరి", ఈ అయిదూ ఒక్కటి కూడా తీయొద్దు. "అదీ... ఆ..." లాంటివి తీసినా ఫర్వాలేదు, ఇవి మాత్రం కాదు.

ఒక గంట రికార్డుకు పూర్తిగా రాయడానికి అయిదారు గంటలు పడుతుంది, గోదావరి యాసో పాలమూరు యాసో మీకు అలవాటు లేనిదైతే ఇంకా ఎక్కువ. పదకొండు మందివీ పూర్తిగా రాస్తామని పెట్టుకుంటే మధ్యలో వదిలేస్తారు. ముందు రెండు నిమిషాలకొక పంక్తి చొప్పున విషయసూచిక రాయండి: "12:00 వసారా, బియ్యం ఏరుతున్నారు. 14:00 బడి పిల్లలు తిరిగొచ్చారు." ముఖ్యమైన పది నిమిషాలు మాత్రం మాటకు మాట.

చార్మినార్ చౌరస్తా:
అందరూ ఒక సంగతి మరుస్తున్నరు. హైదరాబాద్‌లో సిఖ్ ఛావనీ ఉన్నది, నిజాం కాలం నుంచి ఉంటున్న సిక్కు కుటుంబాలున్నయి. వాళ్లను అక్టోబరు 31న ఎక్కడున్నరు అని అడిగితే ప్రశ్నే తప్పు దగ్గర మొదలైతది. చాలామందికి ఆ ఏడాది జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయంల సైనిక చర్య కాడ మొదలైతది, నవంబరు 1 నుంచి ఢిల్లీల జరిగిన ఊచకోత కాడికి పోతది. ఢిల్లీ ఒక్క దాంట్లనే 2,733 మంది అని సర్కారు లెక్క. ఒకే తేదీ, ఒక ఇంట్ల దుఃఖం, పక్కింట్ల భయం.

అందుకే "జాతీయ విషాదం" అనే మాట ప్రశ్నల పెట్టకండి. ఎవరి విషాదమో వాళ్లనే చెప్పనియ్యండి. "1984ల మీకు బాగా గుర్తున్న రోజు ఏది?" అని మొదలుపెట్టి చూడండి. ఆ రోజులల్ల ఢిల్లీల ఉద్యోగం చేసిన తెలుగువాళ్లు దొరికితే వాళ్లను ఎట్లాగైనా పట్టుకోండి. వాళ్లు రేడియోల విన్నది కాదు, వీధిల చూసింది చెప్తరు. అయితే ఎవరైనా పలానా మనిషి పలానా పని చేసిండు అని పేరు పెట్టి చెప్తే, ఆ ముక్క బయట పెట్టే ప్రతిల ఉంచకండి. అసలు రికార్డుల ఉండనియ్యండి, నిమిషం నంబరు రాసి తాళం వెయ్యండి.

లంకవాసి:
ఇది మాకు తట్టనేలేదు. ప్రశ్న మారుస్తాం. మరి రాజీవ్ హత్యను కూడా కలిపి అడిగితే ఎలా ఉంటుంది? అదే మనుషులు, అదే శ్రమ.

పాతపేపర్లు:
ఒకే కూర్చోడంలో వద్దు. ఆ రెండూ ఎంత బాగా కలిసిపోతాయో చెప్పలేను. విడదీయడానికి ఆనవాళ్లు ఇవి.

1991 మే 21, మంగళవారం. ప్రజోత్పత్తి నామ సంవత్సరం. రాజీవ్ ఆ రోజు విశాఖపట్నంలో ప్రచారం చేసి అక్కణ్ణుంచే మద్రాసు వెళ్లారు. శ్రీపెరుంబుదూరులో పేలుడు రాత్రి 10:20 ప్రాంతంలో. పల్లెల్లో అప్పటికే నిద్రలు. కాబట్టి మనవైపు ఎక్కువమందికి తెల్లారాక తెలిసి ఉండాలి, అంటే 22, బుధవారం. వేసవి, ఎన్నికలు, మామిడికాయలు, డాబాల మీద పడకలు. ఇందిర విషయంలో పగలు, బడులు నడుస్తున్న రోజు, సాయంకాలానికి కబురు.

పరీక్ష ఒక్కటే చాలు. "రాజీవ్ చనిపోయినప్పుడు బళ్లు వదిలేశారు" అంటే అది 1984. మే నెలలో బళ్లే లేవు. అలాగే "ఇందిరాగాంధీ పోయిన రోజు డాబా మీద పడుకుని ఉంటే లేపి చెప్పారు" అంటే 1991. 1980 జూన్ 23న సంజయ్ విమాన ప్రమాదం కూడా మధ్యలో దూరుతుంది, దానికీ ఒక గడి ఉంచండి.

పేపరుతో సరిచూసేటప్పుడు ఎడిషను చూసుకోండి. దూరపు ఊళ్లకు వెళ్లే డాక్ ఎడిషను ముందే అచ్చయి బయల్దేరుతుంది. రాత్రి పదిన్నరకు జరిగింది అందులో లేకపోవచ్చు, పట్నం ఎడిషనులో ఉంటుంది. "మాకు పేపర్లో రెండో రోజు గానీ రాలేదు" అన్నవాళ్లను అనుమానించే ముందు ఆ ఊరికి వచ్చేది ఏ ఎడిషనో కనుక్కోండి. గ్రంథాలయంలో బైండు చేసినవి మామూలుగా ఒక్క ఎడిషనువే ఉంటాయి.

పాత సంచికలకు వేటపాలెం సారస్వత నికేతనం, గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. వెళ్లేముందు ఫోను చేసి తేదీలు చెప్పండి. ఫ్లాష్ వేసి ఫొటో తీయొద్దు, పాత కాగితం. కిటికీ వెలుతురు చాలు. పేపరు పేరు, తేదీ కనిపించే పైభాగం మొదటి ఫొటోలో తప్పనిసరిగా పడాలి. చాలామంది వార్త మాత్రం తీసుకొస్తారు, నెల తిరిగేసరికి అది ఏ రోజుదో ఎవరూ చెప్పలేరు.

డల్లాస్ బాబాయ్:
అమెరికాలో ఉన్న పెద్దవాళ్లనీ చేర్చుకుంటే ఈ లెక్క చూసుకోండి. 1984 అక్టోబరు 28నే ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పేశారు. కాబట్టి న్యూయార్క్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. ఢిల్లీలో 31 ఉదయం 9:20 అంటే న్యూయార్క్‌లో 30 రాత్రి 10:50, డల్లాస్‌లో 9:50. అప్పట్లో ఇక్కడున్న తెలుగువాళ్లు "30 రాత్రి తెలిసింది" అంటే పొరపాటు పడ్డారనుకోకండి. రాజీవ్ విషయంలో ఇక్కడ ఇంకా 21వ తేదీ మధ్యాహ్నం. న్యూయార్క్‌లో 12:50. తిరుపతిలో నిద్రపోతున్న తమ్ముడి కంటే న్యూజెర్సీలో అన్నకు ముందు తెలిసిన సందర్భాలు ఉండే వీలుంది.

2001 సెప్టెంబరు 11 కూడా అడుగుతారేమో. మొదటి విమానం న్యూయార్క్ టైములో ఉదయం 8:46, మనకు సాయంత్రం 6:16. రెండోది 9:03, మనకు 6:33. మొదటి విమానం గుద్దుకోవడం ఆ సాయంత్రం ప్రత్యక్ష ప్రసారంలో ఎవరూ చూడలేదు, ఆ వీడియో తర్వాత బయటికొచ్చింది. అయినా "మొదటిది గుద్దుతుంటే చూస్తున్నాం" అనేవాళ్లు రెండు దేశాల్లోనూ ఉంటారు.

దూరం నుంచి మాట్లాడేటప్పుడు వీడియో కాల్ రికార్డును నమ్ముకోవద్దు. అటువైపు పిల్లలెవరైనా వాళ్ల ఫోన్లో విడిగా రికార్డు పెట్టాలి, ఇటు మీరు మీ మాట విడిగా. మొదట్లో ఇద్దరూ ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్లనూ అక్కడ కలుపుకోవచ్చు. ఆ ఫైలును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నలిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి.

తాడితోపు:
నేను 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన వైపు నుంచి చెప్తాను. లంకవాసి గారి ఊళ్లో ఆ మాట కూడా రాకుండా ఉండదు. ఆ ప్రాంతంలో ఏళ్లను లెక్కపెట్టేదే "ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత" అని.

ముందుగా, ఈ ప్రశ్న రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా ఉంటుంది. కబురు విన్నవాళ్లు వేరు, నీళ్లలో ఉన్నవాళ్లు వేరు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లను "ఎప్పుడు తెలిసింది" అని అడగొచ్చు. తీగలు తెగి, రోడ్లు తెగి, బయటికి పూర్తి సంగతి రావడానికి రోజులు పట్టింది కాబట్టి వాళ్ల తేదీ 19 కాకపోవచ్చు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వైపు బతికి బయటపడ్డవాళ్లను ఆ ప్రశ్న అడగడమే తప్పు. వాళ్ల దగ్గర అడగాల్సింది నీటి గురించి, చెట్టు గురించి, తెల్లారి గురించి. మనుషుల గురించి వాళ్లంతట వాళ్లు చెప్తే వినాలి, మనం అడగకూడదు. శవాల ఊసు మన నోటి నుంచి రాకూడదు. గొంతు పట్టేస్తే రికార్డు ఆపమంటారా అని మెల్లగా అడగండి, ఆపమంటే నిజంగా ఆపండి, ఎర్ర చుక్క ఆరిపోయింది చూపించండి. నవంబరు 19న ఆ ఊళ్లకు రికార్డరు పట్టుకుని వెళ్లకండి. ఆ రోజు వాళ్లది.

ఇక కొలతలు. ఆ పోటు కొన్నిచోట్ల అయిదు మీటర్ల వరకు లేచింది. చెప్పేవాళ్లు మీటర్లలో చెప్పరు. మొలలోతు, పీకలలోతు, నిలువెత్తు, తాడిచెట్టులో సగం అంటారు. వాటిని కొలతలోకి మార్చేటప్పుడు మొట్టమొదట చేసే పొరపాటు, ఇప్పటి మనిషి ఎత్తును పట్టుకోవడం. ఆ రోజు వయసు అడగండి. ఏడేళ్ల పిల్లకు పీకలలోతు అంటే మూడడుగులకు అటూ ఇటూ. నలభై ఏళ్ల మగవాడికి నాలుగున్నర. ఒకే మాట ఇద్దరి నోట అడుగున్నర తేడాతో వస్తుంది, ఇద్దరూ నిజమే చెప్పారు.

రెండోది, వీలైతే స్థలానికి తీసుకెళ్లి చేత్తో చూపించమనండి. "ఇక్కడిదాకా" అన్నచోట సుద్దముక్కతో గీత పెట్టి నేల నుంచి టేపు పట్టండి. కానీ ఆ నేల అప్పటి నేల కాదు. రోడ్డు మీద పొర మీద పొర వేశారు, ఇంటి మెరక పెంచారు. పాత గుడి మెట్టో, బావి గట్టో, 1977కు ముందు నుంచీ కదలనిది ఏదైనా వెతికి దానితో పోల్చి రాయండి. అది లేకుండా రాసిన ఎత్తు కాగితం దండగ.

సందేహాలరాయుడు:
తాడితోపు గారూ, ఆ ఏడేళ్ల పిల్ల లెక్క చూశాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి "గుర్తు లేదు" అనేవాళ్లను ఏం చేయాలి? లంకవాసి అడుగుదామనుకున్నది అదే అనుకుంటా.

నిదానం:
మూడు దారులున్నాయి. ఒకటి, దిక్కులు. మనవాళ్లకు ఇల్లు దిక్కులతో గుర్తుంటుంది. తెల్లకాగితం ఇచ్చి "అప్పటి ఇల్లు గీయండి, తూర్పు ఎటు?" అనండి. ఉత్తరపు వసారా గీసేసరికి అందులో ఎవరు కూర్చునేవారో వస్తుంది. గీయలేకపోతే వాళ్లు చెప్తుంటే మీరు గీయండి, తప్పు గీస్తే వాళ్లే కాగితం లాక్కుంటారు. ఆ కాగితం మీద కూడా తేదీ వేసి రికార్డుతో పాటు దాచండి.

రెండోది, ఇంటి లెక్క. "అప్పటికి పెద్దబ్బాయికి ఎన్నేళ్లు? పాడి ఉండేదా? ఎవరైనా పురిటికి వచ్చి ఉన్నారా?" దేశం సంగతి ఇంటి సంగతికి తగిలించి ఉంటుంది.

మూడోది, వదిలేయడం. గుర్తు లేదంటే లేదనే రాయాలి. పదకొండు మందిలో ముగ్గురికి గుర్తు లేకపోతే అదీ ఒక ఫలితమే. ఒత్తిడి చేస్తే ఏదో ఒకటి అల్లి ఇస్తారు, మర్యాద కోసం. మన పెద్దవాళ్లు అడిగినవాణ్ణి ఉత్తచేతులతో పంపరు.

ఇంకోటి, దీన్ని చివర్లో అడగండి: "ఈ సంగతి ఇంతకు ముందు ఎవరికైనా చెప్పారా? ఎన్నిసార్లు?" ప్రతి సంక్రాంతికీ మనవలకు చెప్పింది అయితే అది నున్నగా అరిగి ఉంటుంది, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆగాలో తెలిసి ఉంటుంది. ఎప్పుడూ చెప్పనిది తడబడుతూ వస్తుంది. తడబాటును చూసి తక్కువ నిజం అనుకోకండి.

భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టండి. పక్కపక్కన కూర్చుంటే అయిదు నిమిషాల్లో ఇద్దరి జ్ఞాపకం ఒకటైపోతుంది, అది కూడా గట్టిగా మాట్లాడేవాళ్లది.

మర్ఫీసెట్టు:
సమయం సంగతి మిగిలింది. గంట, మహా అయితే గంటన్నర. మధ్యలో ఒకసారి ఆపి మంచినీళ్లు ఇవ్వండి. కట్టుడు పళ్లు ఉంటే పెట్టుకోమనండి, లేకపోతే సగం మాటలు రాసేవాళ్లకు అందవు. ఒక చెవి వినపడకపోతే వినపడే వైపు కూర్చోండి. మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. ఫైలు పేరు ఏదైనా తప్పిపోవచ్చు, లోపల చెప్పిన మాట పోదు.

ఇంటికి రాగానే మూడు ప్రతులు. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంకో ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో. ఫోనులో ఉన్నది తీసేసే ముందు ప్రతి ఒక్కటీ చివరి నిమిషం దాకా జరిపి వినండి. కాపీ మధ్యలో తెగితే ఫైలు పేరు మామూలుగానే కనిపిస్తుంది, వినేదాకా తెలియదు.

అచ్చుతప్పు:
అనుమతి కాగితం తెలుగులో, ఒక్క పేజీ, పెద్ద అక్షరాల్లో. మూడు గడులు చాలు: కుటుంబానికి మాత్రమే, గ్రంథాలయంలో వినడానికి, ఆన్‌లైన్‌లో అందరికీ. సంతకం మాట్లాడిన తర్వాత తీసుకోండి, ముందు కాదు. ఏం చెప్పారో తెలిశాక కదా ఎక్కడిదాకా ఇవ్వాలో తెలిసేది. ఫలానా ముక్క తీసేయమని తర్వాత అడిగే హక్కు ఉందని ఒక వాక్యం ఉండాలి. వేలిముద్ర అయితే పక్కన చదివి వినిపించినవాళ్ల సంతకం. ప్రతి ఒకటి వాళ్ల ఇంట్లో వదిలిపెట్టి రండి.

లంకవాసి:
అందరికీ చాలా థాంక్సండీ. రాత్రి కూర్చుని ప్రశ్నల కాగితం మళ్లీ రాశాం. చూసి చెప్పండి.

1. 1984లో మీకు బాగా గుర్తున్న రోజు ఏది?
2. (ఆ రోజు దగ్గరికి వస్తే) ఎలా గుర్తుంటే అలా చెప్పండి. పది లెక్కపెట్టేదాకా మేం మాట్లాడం.
3. అప్పటి ఇల్లు గీయండి. మీరు ఎటువైపు ఉన్నారు? చేతిలో ఏముంది?
4. ఎవరు చెప్పారు? వాళ్లకు ఎవరు చెప్పారంట?
5. విన్నాక మొట్టమొదట చేసిన పని ఏమిటి?
6. చుట్టుపక్కల వాళ్లు ఏమన్నారు?
7. ఆ సాయంత్రం రేడియోలో విన్నాక ఊళ్లో ఎలా ఉంది?
8. ఇందులో కళ్లారా చూసింది ఏది, తర్వాత విన్నది ఏది?
9. ఈ సంగతి ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?

నిదానం:
బాగుంది. 8 అడిగేటప్పుడు గొంతులో నిలదీసినట్టు లేకుండా చూసుకోండి. 7లో "రేడియోలో విన్నాక" తీసేయండి.

లంకవాసి:
అరె, అవును. తీసేశాం. "సాయంత్రం" కూడా.